ఎలుగుబంటి డప్పు ఆగేదాకా

మా ఎదురు వాటాలో ఉండే ఆయన్ని బిల్డింగంతా బ్యాటరీ బాబాయ్ అంటుంది. తలుపు మీది పేరు ఎండకి వెలిసిపోయింది. మళ్ళీ రాయించుకునే ఓపిక ఆయనకి లేదు, చదివేవాళ్ళూ లేరు. రిటైరయ్యేదాకా ఆయన ఓ బొమ్మల కొట్లో కౌంటరు దగ్గర పనిచేశారు. ఆ కొట్లో ఒక పద్ధతుండేది. ఏ బొమ్మనైనా బ్యాటరీలు వేసి, ఆడించి చూపించాకే ప్యాక్ చెయ్యాలి. ఆడించాక ఆ బ్యాటరీలు బయటికి తీసెయ్యాలి, ఎందుకంటే అవి బొమ్మతో ఇచ్చేవి కావు. పరాయి పిల్లల బొమ్మలకి ప్రాణం పోస్తూ, తీస్తూ బతుకంతా గడిపారు. సొంత పిల్లలు లేరు. పిన్నిగారు పోయాక ఆ ఇంట్లో పలకరించే నోరే లేకుండా పోయింది.

మా బిల్డింగు వాళ్ళకి రిమోటు మొరాయించినా, గోడ గడియారం ఆగిపోయినా, ఆ బ్యాటరీలు పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కడం అలవాటు. నిజానికి అది చిటికెలో పని. బ్యాటరీని టేబుల్ మీద కాస్త ఎత్తునుంచి నిలువుగా వదిలితే చాలు. సత్తా ఉన్నది ధబ్బుమని కూలబడుతుంది, అయిపోయింది ఎగిరి గంతేస్తుంది. కానీ ఆయన అంత తేలిగ్గా వదిలితేగా!

"ఈ పరీక్షని నమ్మడానికి లేదమ్మా, కూర్చో" అని బీరువాలోంచి డప్పు కొట్టే ఎలుగుబంటిని తీసేవారు. మన బ్యాటరీలు దాని వీపులో వేసి, అది డప్పు కొడుతున్నంతసేపూ మనల్ని కూర్చోబెట్టేవారు. ఈలోగా టీ వచ్చేది. మన ఆఫీసు గొడవలూ, మన అత్తగారి మోకాళ్ళ నొప్పులూ ఒక్కొక్కటే అడిగి మరీ వినేవారు. ఎలుగుబంటి చేతులు బరువెక్కి ఆగిపోయాక తీర్పు చెప్పేవారు. "బొమ్మకి పనికిరాదు గానీ గడియారంలో వేసుకో, ఇంకా కొన్నాళ్ళు లాగిస్తుంది."

నాకైతే చిర్రెత్తుకొచ్చేది. అసలే నాకు ముక్కు మీద కోపం. స్టవ్ మీద పాలు పెట్టి వచ్చి ఎలుగుబంటి కచేరీ వింటూ కూర్చోమంటే ఎలా? "బాబాయ్, బ్యాటరీ చూసే మీటరొకటి కొనుక్కోండి, క్షణంలో తేలిపోతుంది" అన్నాను ఓసారి.

"క్షణంలో తేలిపోతే నువ్వు క్షణంలో వెళ్ళిపోతావు కదమ్మా" అన్నారాయన నవ్వుతూ. ఆ తర్వాత నేను పాలు దింపేసి వెళ్ళడం మొదలుపెట్టాను.

అందరికన్నా ఎక్కువగా వచ్చేది పై అంతస్తు నర్సమ్మ. వాళ్ళ పాప రైలుబండికి ఆకలెక్కువ, వేసిన బ్యాటరీలు వేసినట్టే మింగేసేది. ఆసుపత్రి డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా "బాబాయ్!" అని మెట్ల మీదనుంచే కేకేసేది. ఆ కేకకి ఆయన ముఖం వెలిగిపోయేది. ఓ రోజు నేనక్కడుండగానే ఆమె అడిగింది.

"ఈ కొనడంతోనే నా ప్రాణం పోతోంది బాబాయ్. ఛార్జింగ్ పెట్టుకునేవి గిట్టుబాటవుతాయా? మీరెలా చెబితే అలాగే."

ఇంతకాలం ఆమెని ఆ గుమ్మం ఎక్కించింది ఆ రైలుబండే. "ఆడించి చూశాకగానీ చెప్పలేనమ్మా" అని వాయిదా వేశారు.

మర్నాడు తనే అలాంటి బ్యాటరీలు ఛార్జర్‌తో సహా కొనుక్కొచ్చారు. ఆ మర్నాడు పొద్దున్న మొదలైన డప్పు మధ్యాహ్నమైనా ఆగలేదు. నా తల దిమ్మెక్కిపోయింది. కడిగేద్దామని కొంగు దోపుకుని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఆయన ఎలుగుబంటికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముందున్న అన్నం కంచం అలాగే ఉంది.

"ఆగట్లేదమ్మా" అన్నారు. "కాసేపట్లో ఆగిపోతే బాగుండని పొద్దున్నుంచీ చూస్తున్నాను."

నా కోపం ఎటుపోయిందో! "ఆగిపోయిందని చెప్పెయ్యండి బాబాయ్. ఎవరొచ్చి చూశారు గనక?"

"అంతకాలం కౌంటర్లో నిలబడ్డాను. ఆడని బొమ్మ ఆడుతుందని ఒక్కరికీ చెప్పలేదు. ఆడేదాన్ని ఆడదని ఎలా చెప్పను?"

సాయంత్రం నర్సమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేశారు. "రైలుబండికి ఛార్జింగువే కొనుక్కో. ముందు కాస్త ఎక్కువ పెట్టాలి గానీ, నీ వాడకానికి త్వరలోనే గిట్టుబాటవుతాయి. గడియారానికీ రిమోటుకీ మాత్రం మామూలువి చాలు. పాతదీ కొత్తదీ కలిపి వెయ్యకు." ఆమె బిల్డింగంతా చాటింది. పిల్లలున్న ప్రతి ఇంట్లోకీ ఛార్జరొచ్చింది. మెట్ల మీద ఎదురైనవాళ్ళల్లా మీ పుణ్యమా అని తిరుగుడు తప్పిందన్నారు. ఎవరి ఇంట్లో వాళ్ళు సుఖంగా ఉన్నారు. ఆయన వాటా మాత్రం మూగబోయింది. సాయంత్రాలు తలుపు బార్లా తీసుకుని కూర్చునేవారు. నేను ఏదో ఒక బ్యాటరీ పట్టుకుని వెళ్తూనే ఉన్నాను గానీ, ఒక్కదాన్ని ఎంతసేపని మాట్లాడను?

నిన్న సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగుతున్నాను. నర్సమ్మ గుమ్మం ముందు బాబాయ్ నిలబడి ఉన్నారు. ఆయన ఇంకొకళ్ళ బెల్లు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె సగం అల్లిన జడ పట్టుకుని తలుపు తీసింది.

"ఏంటి బాబాయ్?"

"ఏం లేదమ్మా... టైమెంతయిందో కనుక్కుందామని."

"ఆరున్నర బాబాయ్. డ్యూటీకి లేటైపోతోంది, ఏమీ అనుకోకండేం!" అని తలుపేసింది.

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఎడమ చేతికున్న వాచీ మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నారు.

"ఆరున్నరట అమ్మా" అన్నారు.