దొడ్డప్ప చావు ఫ్లెక్సీ

గుర్రంకొండ పక్కన టమాటా తోట చేసుకునే దొడ్డప్పను ఒకనాడు పొద్దున్నే కాకి నెత్తిన తన్నింది. కాకి తన్నితే ఏం చేయాలో ఆ సీమలో అందరికీ తెలుసు. తోబుట్టువులకు ఉత్తుత్తి చావు కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఏడిస్తే కీడు తొలగిపోతుంది. దొడ్డప్పకు ఉన్నది ఒక్క అక్క, కుప్పంలో గంగులమ్మ. ఆమె మాట్లాడక తొమ్మిదేళ్ళయింది. తన మనవడి పుట్టెంటికలు తీయించే వేడుకకు ఆమె ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవకుండా, ఫోన్లో "వచ్చేయక్కా" అన్నాడు ఈ మహానుభావుడు. అప్పటినుంచి ఆమె ఫోనే ఎత్తదు. ఇక కబురెలా పంపేది?

"సస్తే సస్తాగానీ, అక్క నాకోసం ఒక సుక్కన్నా కారస్తాదో లేదో తెలీకుండా ఎట్ల సచ్చేది?" అని భార్య రాములమ్మ దగ్గర వాపోయాడు. కాకికంటే ఆ భయమే అతన్ని ఎక్కువగా తొలిచేస్తోంది.

సరిగ్గా అప్పుడే మదనపల్లె డైరెక్టరు గౌతమ్ హార్స్లీ హిల్స్ మీద దయ్యం సినిమా తీస్తూ, శవం వేషానికి మనిషిని వెతుకుతున్నాడు. అపశకునమని ఎవరూ ఒప్పుకోలేదు. దొడ్డప్ప పరుగెత్తుకెళ్ళాడు.

"నా సొంత పేరే పెట్టాల. నా ఫోటో కుప్పంలో కనబడాల. ఇంకేమీ వద్దప్పా."

"పబ్లిసిటీ అంతా నీ ఫోటోతోనే చేస్తాంలేప్పా" అన్నాడు గౌతమ్.

సినిమా విడుదలదాకా కీడు ఆగుతుందా అని రాములమ్మకు అనుమానం వచ్చింది. ఆగక ఏం చేస్తుందన్నాడు దొడ్డప్ప. షూటింగులో పాడె మీద పడుకోగానే గురకపెట్టాడు. లేపి మళ్ళీ పడుకోబెడితే, కళ్ళు తెరవకుండానే ఏడ్చేవాళ్ళకు సలహాలు ఇచ్చాడు.

విడుదలకు వారం ముందు మదనపల్లె, పుంగనూరు, కుప్పం కూడళ్ళలో ఫ్లెక్సీలు లేచాయి. 'కన్నీటి శ్రద్ధాంజలి. కీర్తిశేషులు దొడ్డప్ప.' అడుగున చిన్న అక్షరాలతో 'శుక్రవారం విడుదల'. అడుగుదాకా చదివే ఓపిక ఎవరికుంది? పుంగనూరు బంధువులు ఆటోలో పూలదండలు వేసుకొచ్చి, గుమ్మంలో బీడీ కాలుస్తున్న దొడ్డప్పనే "శవం యాడుండాదప్పా?" అని అడిగారు. తెచ్చిన దండలు వెనక్కి పట్టుకుపోతే బాగుండదని అతని మెడలోనే వేసి, కాఫీ తాగి వెళ్ళారు. కుప్పం నుంచి మాత్రం పురుగైనా రాలేదు. దొడ్డప్పకు ముద్ద దిగలేదు.

శుక్రవారం ఉండబట్టలేక కుప్పం వెళ్ళి మ్యాట్నీలో కూర్చున్నాడు. తెరమీద శవం పొట్ట ఎగసిపడుతుంటే భయపడాల్సిన జనం పడీపడీ నవ్వారు. "శవానికి ఆయాసంరా!" అని ఎవడో ఈల వేశాడు. ఆ నవ్వుల నడుమ ముందు వరుసలో ఒకామె "ఓ నా తమ్ముడా" అని రాగం తీసి గుండెలు బాదుకుంటోంది. సినిమావాళ్ళు పెట్టిన మనిషనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఆ గొంతు దొడ్డప్ప పోల్చుకున్నాడు. కుర్చీల మధ్య పడుతూ లేస్తూ పోయి ఆమె ముందు నిలబడ్డాడు.

"అక్కా, బతికే ఉండానక్కా!"

"తెలుసు లేరా. శుక్రవారం విడుదలని రాసుండ్లా? నాకు సదువు రాదనుకుంటివా?"

"మరి యాల ఏడస్తాండావు?"

గంగులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"శుబానికైతే పిలవాల. సావుకు పిలవకపోయినా రావచ్చు గదరా. నిన్ను సూసేదానికి తొమ్మిదేండ్లుగా ఒక సాకు కోసం కాసుకోని ఉండాను."