రెండు బూరెలు, ఒక కాకరకాయ ముక్క

కొత్త నూనె సీసా మూత తిప్పినప్పుడల్లా ముందు నా ముక్కు పనిచేస్తుంది, తర్వాత కళ్లు. వేయించిన వేరుశనగ గింజల కమ్మటి వాసన వంటగదంతా అలుముకున్నాక, సీసాకి అంటించిన చీటీ మీద కొట్టువాడి చేతిరాతలో ఉన్న గుండ్రటి బర్మా అక్షరాలను ఒక్కసారి చదువుకుంటాను: అచ్చంగా వేరుశనగ, మరేమీ కలపలేదు. తాకేటాలో నేను పుట్టిపెరిగిన వార్డులో ఇలాంటి చీటీ లేకుండా నూనె అమ్మరు. ఇప్పుడు నేనుండేది మింగళాడోన్ వైపు. ఇంటి కింద నాలుగు కొట్లున్నా రెండు బస్సులు మారి ఆ నూనే తెచ్చుకుంటాను. నా మొగుడు దీన్ని పిచ్చి అంటాడు. అననీండి, ఆ చీటీ వెనక మా మామ్మ ఉందని ఆయనకి వెయ్యిసార్లు చెప్పాను.

మామ్మ అంటే నాన్నను కన్నతల్లి, పేరు అప్పయ్యమ్మ. ఆవిడ మామగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోసిన మనిషి. ఆ రేవు కూలీల పిల్లలూ మనవలూ కాలువ దాటి వచ్చి తాకేటాలో వేసుకున్న చెక్క ఇళ్ల వరసే మా వీధి. రేకుల కప్పులు, గుమ్మానికి పసుపు, లోపల దేవుడి పటాల పక్కనే బుద్ధుడి బొమ్మ. ఇళ్ల ముందు ఒక పెద్ద ఖాళీ స్థలం ఉండేది. దానికి వేరే పేరేమీ లేదు, అందరం జాగా అనేవాళ్లం.

మా బతుకు సగం ఆ జాగాలోనే జరిగింది. ఎండాకాలం వస్తే ఇంటికో చాప చొప్పున ఎర్రటి మిరపకాయలు, గుమ్మడి వడియాలు, ఉప్పుచేపలు పరిచేవారు, ఆ ఘాటుకి ముక్కులు కారుతుంటే మేము వాటి మధ్య సందుల్లో తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. సరిగ్గా అప్పుడే తింజాన్ నీళ్ల పండగ వచ్చిపడేది. ఊరంతా ఒకరి మీద ఒకరు నీళ్లు గుమ్మరించుకుంటుంటే మామ్మ మాత్రం గొడుగు తెరిచి మిరపకాయల ముందు కాపలా నిలబడేది, ఒక్క చుక్క పడిందా, పోలీసైనా సరే వదిలేది కాదు. దీపావళికి, బర్మావాళ్ల దీపాల పండగకి మధ్య పెద్ద ఎడం ఉండదు కాబట్టి మా ప్రమిదలూ వాళ్ల కొవ్వొత్తులూ ఆ జాగా చుట్టూ దాదాపు నెల్లాళ్లు వెలుగుతూనే ఉండేవి. చెంపలకు తనాఖా గంధం పూసుకున్న బర్మా పిల్లలు మా బూరెలకు వచ్చేవారు, మేము వాళ్ల ఇళ్లకి పొద్దున్నే మొహింగా చేపల పులుసు తాగడానికి వెళ్లేవాళ్లం. పెళ్లి పందిళ్లన్నీ అక్కడే. వానాకాలంలో పక్కనున్న మురుగుకాలువ పొంగితే ఆ నీళ్లను తాగేసేది కూడా ఆ జాగాయే. అయినా ఏటా మా వీధి పిల్లలు జ్వరాలతో మూలిగేవారు. ఒక ఏడు నేను మంచం పట్టి లేచేసరికి వెంట్రుకలన్నీ ఊడిపోయాయి, మామ్మ నా తలకి తన చీర చెంగు చుట్టి తిప్పింది.

నాకు పదకొండేళ్లప్పుడు వార్డు పెద్ద మైకు పట్టుకుని వీధులన్నీ తిరిగాడు. మూడు విషయాల మీద వార్డు జనం ఓటు వెయ్యాలట. మురుగుకాలువకి పలకలు కప్పాలా వద్దా అన్నది మొదటిది. కొట్టువాళ్లు నూనెలో, పసుపులో, కారంలో ఏం కలిసిందో చీటీ రాసి అంటించాలా వద్దా అన్నది రెండోది. జాగాని ఒక కాంట్రాక్టరుకిచ్చి ఎనిమిదంతస్తుల మేడ కట్టించాలా వద్దా అన్నది మూడోది. ఒక్కోదానికి ఒక్కో కాగితం, దాని మీద పైన అవును, కింద కాదు అని రెండు గళ్లు.

మొదటి రెండింటి మీదా ఎవరికీ పేచీ లేదు. మూడోదాని మీద మాత్రం ఇంటింటా రెండు జట్లు. రోడ్డు వైపు ఇళ్లవాళ్లకి మేడ కావాలి. మా నాన్న కూడా అటే మొగ్గాడు.

"మేడ కడితే మనకీ ఒక ఇల్లిస్తామంటన్నారే అమ్మా," అన్నాడు అన్నం తింటూ.

"మేడ మీద నువ్వుంటావు, బాగుంది. మరి మిరపకాయలెక్కడుంటాయిరా? వాన నీళ్లెటెల్తాయి, నీ మంచం కిందకా? ఈ గుంట పెళ్లికి పందిరెక్కడేస్తావు, మెట్ల మీదా?" అంది మామ్మ నన్ను చూపిస్తూ.

నాన్న మజ్జిగ పోసుకున్నాడు.

మా వీధి ఆడవాళ్లలో చాలామందికి బర్మా అక్షరాలు రావు. ఏ కాగితంలో ఏ గడిలో గుర్తు పెట్టాలో ఎలా చెప్పడం? మామ్మ మామూలు మనిషైతే కదా! ఒక పళ్లెంలో రెండు బూరెలు, వాటి పక్కన పచ్చి కాకరకాయ ముక్క ఒకటి పెట్టుకుని ఇంటింటికీ బయలుదేరింది. నెల రోజులు మా ఇల్లంతా బెల్లం, యాలకులు, శనగపప్పు ఉడుకుతున్న వాసన. కొట్టు నూనె పొయ్యి మీద పొగలు కక్కుతుంటే "ఇందులో ఏటి కలిపాడో ఆడి దేవుడికే తెలవాలి" అని తిడుతూనే వేయించేది. ప్రతి గుమ్మం ముందూ అదే పాఠం.

"మొదటిది తీపి, రెండోది తీపి. అవునని తినీండి. మూడోది సేదు, కాదని ఒగ్గీండి."

పాఠం ఎంత బాగా ఎక్కిందంటే, ఆ రోజుల్లో వీధిలో ఎవరైనా దేన్నైనా వద్దనాలంటే "కాకరకాయ" అనేవారు. స్నానానికి రమ్మంటే నేనూ అదే అన్నాను, వీపు మీద ఒక్కటి పడింది.

ఓట్ల రోజు బడి ఆవరణలో రేకుల పందిరి కింద బల్ల వేశారు. మా వీధి ఆడవాళ్లంతా తలంటుకుని, పూలు పెట్టుకుని, గుర్తింపు కార్డులు జేబురుమాళ్లలో చుట్టుకుని పెళ్లికొచ్చినట్టు వచ్చి కూర్చున్నారు. గుమాస్తా జాబితా చూసి పేరు పిలవాలి, పిలిచినవాళ్లు "షిబాదె", అంటే ఉన్నానండీ అని లేచి, కార్డు చూపించి కాగితాలు తీసుకోవాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఆ పేరు దాటేస్తారు. రోడ్డు వైపు వాళ్లు చకచకా లేచి వెళ్లివచ్చారు. మా వీధి వంతు వచ్చింది. ఒక పేరు పిలిచాడు, పలుకు లేదు. ఇంకోటి పిలిచాడు, పలుకు లేదు. తర్వాత "డా మ్య సేన్" అని మూడుసార్లు అన్నాడు. డా అంటే పెద్దావిడ అని మర్యాద.

ఎవరూ కదల్లేదు. మామ్మకి ఒళ్లు మండిపోయింది. వెనక్కి తిరిగి అందరి మీదా విరుచుకుపడింది.

"ఎవుర్తే ఆ మ్య సేన్? అన్నిసార్లు పిలస్తంటే పలకదేటి! నెల్లాళ్లు బూరెలు తినీసి ఇప్పుడు నిద్దరోతందా?"

మా అమ్మ మింగళాడోన్‌లో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేది, బర్మా గడగడా చదివేది. ఎందుకో అనుమానం వచ్చి మామ్మ చేతిలో రుమాలు విప్పి కార్డు చూసింది. నోరు నొక్కుకుంది.

"అత్తా, మ్య సేన్ నువ్వే."

మాకందరికీ రెండేసి పేర్లు. ఇంట్లో, వీధిలో, దేవుడి ముందు పిలిచేది తెలుగు పేరు. కార్డు కోసం ఎప్పుడో ఎవరో రాయించింది బర్మా పేరు. పిల్లలం బళ్లో ఆ పేరుతోనే తిరుగుతాం కాబట్టి మాకు అలవాటే. మామ్మ వయసు వాళ్లని మాత్రం ఆ పేరుతో పిలిచిన మనిషే లేడు. అది పసుపు గుడ్డతో పాటు ట్రంకుపెట్టె అడుగున పడుండేది. నెల్లాళ్లు అందరికీ గళ్లు నేర్పిన మామ్మకి సొంత పేరు నేర్పాలని ఎవరికీ తోచలేదు. అప్పటికే ముగ్గురి ఓట్లు దాటిపోయాయి, ఇంకా వీధి వీధంతా మిగిలుంది. ఆ క్షణంలో మామ్మ ముఖం చూసి నాకు భయం వేసింది. జాగా పోతుందనే అనుకున్నాను.

మామ్మ సిగ్గుపడలేదు, లేచి బల్ల దగ్గరికి నడిచింది. తన వచ్చీరాని బర్మాలో, తప్పు తమదేననీ, దాటేసిన పేర్లు చివర్లో మళ్లీ పిలవమనీ వార్డు పెద్దని అడిగింది. ఆయన మొదట నవ్వాడు, తర్వాత జాబితా చూశాడు, సరేనన్నాడు. వెనక్కి వచ్చి మామ్మ నడుముకి చెంగు దోపింది.

"పేరు గుర్తుండక్కర్నేదు. కుళాయి కాడ బిందిలెట్టుకోమా? ముందు ఎవురో, ఎనక ఎవురో తెలిస్తే సాలదా?"

అంతే. అమ్మ జాబితా చూస్తూ, కార్డులు చదువుతూ ఒక్కొక్కరినీ ఆ వరసలో నిలబెట్టింది. రోజూ తెల్లారి నీళ్ల కోసం వరస తప్పకుండా నిలబడే వాళ్లకి అది విద్యా? అందరికన్నా ముందున్నావిడ ఎవరైతే పిలిచిన పేరు ఆవిడదే. గుమాస్తా పిలవడం, "షిబాదె!" అని ఒక గొంతు లేవడం, వరస ఒక అడుగు జరగడం. ఒకావిడ తన పేరు అంత అందంగా ఉందా అని ఇంకోసారి పిలవమంది. దాటేసిన పేర్లు పిలిచేటప్పుడు మామ్మ వంతు వచ్చింది. డా మ్య సేన్ అన్న మాట పూర్తి కాకుండానే ఆవిడ వేసిన కేకకి బడి గోడ మీది పావురాలు లేచిపోయాయి.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఫలితం చెప్పారు. కాలువకి అవును. చీటీలకి అవును. మేడకి కాదు! మా ఆడవాళ్ల వరస లేకపోతే మూడోది అటే పోయేదని వార్డు పెద్దే ఒప్పుకున్నాడు. డప్పులు వచ్చాయి, జాగాలో రాళ్ల పొయ్యి వెలిగింది, నాన్న స్వయంగా కాకరకాయలు తరిగి ఉల్లిపాయలతో వేయించాడు. అంత రుచైన కాకరకాయ వేపుడు నేను మళ్లీ తినలేదు. ఆ రాత్రి మామ్మ పక్కన పడుకుంటే ఆనందంతో నాకు నిద్ర పట్టలేదు, గెలవడమంటే ఏమిటో మొదటిసారి తెలిసింది.

మామ్మ పోయి చాలా ఏళ్లయింది. చెక్క ఇళ్లు ఇటుక గోడలయ్యాయి. మిరపకాయలు ఎవరూ ఎండబెట్టడం లేదు, కారం పొట్లాలు కొనుక్కుంటున్నారు, వాటికీ చీటీలున్నాయి. కుళాయి ఇంట్లోకే వచ్చింది, బిందెల వరస లేదు. పిల్లలకి మన మాట అర్థమవుతుంది, జవాబు మాత్రం బర్మాలో వస్తుంది. మొన్న ఆదివారం నూనెకి వెళ్లినప్పుడు ఏడేళ్ల నా కూతుర్నీ తీసుకెళ్లాను, నూనె కొనుక్కుని పలకలు కప్పిన కాలువ మీద నడుచుకుంటూ జాగాకి వచ్చాం. జాగా చూసి అది ముఖం చిట్లించింది.

"ఇక్కడేం లేదేంటమ్మా?"

"ఏమీ లేకుండా ఉండాలనే మీ తాతమ్మ గెలిచింది," అన్నాను.

దానికేం అర్థమైందో గానీ చెప్పులు విడిచేసి జాగా మధ్యకి పరుగు తీసింది. ఇంట్లో దాన్ని అప్పయ్యమ్మ అంటాం. కార్డులో ఏం రాయించాలో నేను పెద్దగా ఆలోచించలేదు. సీసా చంకన పెట్టుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి గట్టిగా పిలిచాను, "మ్య సేన్!"

"షిబాదె!" అని మొదటి పిలుపుకే పలికింది.