గేటుకు రాలేదు

మా ఎయిర్‌పోర్టులో అందరూ ఆవిడను మైకక్క అనేవాళ్లు. కౌంటర్‌లో మైకు పాడైతే ఎవరూ కంగారుపడేవాళ్లు కాదు. ఆవిడ లేచి నిలబడితే చాలు, హాలు ఆ చివర బాత్రూంలో ఉన్నవాడికి కూడా తన విమానం సంగతి తెలిసిపోయేది. నాకు పని నేర్పింది ఆవిడే. బ్యాగు తూచేటప్పుడు కింద కాలు పెట్టి ఎత్తిపట్టే ప్రయాణికుణ్ని ఎలా కనిపెట్టాలో, మీద పడి అరిచేవాడి ముందు ఎలా నిలబడాలో దగ్గరుండి చెప్పింది. ఏనాడూ తమ్ముడూ అని తప్ప పిలవలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి నాకు మొహం చెల్లదు.

ఆ నోరే ఆవిడ కొంప ముంచింది. ఒక మధ్యాహ్నం విమానం రద్దయింది. ఎవరో పెద్దమనుషులు ఇంకో ఊరికి ప్రయాణం కట్టారని మా పైలట్లను అటు పంపేశారు. మమ్మల్ని మాత్రం వాతావరణం బాగోలేదని చెప్పమన్నారు. బయట ఎండ మాడ్చేస్తోంది. ఒక ముసలాయన అద్దంలోంచి ఆకాశం కేసి చూసి, వాన ఎక్కడమ్మా అని అడిగాడు. మాలో ఇంకెవరైనా అయితే కంప్యూటర్‌లో తల దూర్చేవాళ్లం. మైకక్క మాత్రం వాన లేదండీ, పైలట్లే లేరు, వేరేవాళ్ల కోసం పంపేశారు అంది. ఆ మాట మూడొందల మందికి వినపడింది. అందులో ఒకడు ఫోనులో తీశాడు.

మర్నాటికల్లా ఆవిడను కింది అంతస్తులో దారితప్పిన సామాన్ల గదికి తోసేశారు. కిటికీ కూడా లేని గది. పదహారేళ్లు కౌంటర్‌లో నిలబడ్డ మనిషి చక్రాలూడిన సూట్‌కేసులకు చీటీలు అంటించుకుంటూ కూర్చుంది. కాగితం మీద రాసిన నేరం నోటి దురుసు. ఆవిడ ఊరుకోలేదు, లేబర్ కోర్టుకెక్కింది. నా కౌంటర్ నాకిచ్చేస్తే చాలంది, అంతకుమించి ఏమీ అడగలేదు.

క్యాంటీన్‌లో మాకదే కాలక్షేపం. నిజం చెప్పడం తప్పు కాదు, అంత గట్టిగా చెప్పడం తప్పు అనేవాడు సామాన్లెక్కించే బండి డ్రైవరు. యూనిఫారం విప్పాక ఏమైనా మాట్లాడుకోవచ్చు, వేసుకున్నాక మన నోరు మనది కాదు అనేది సెక్యూరిటీ ఆవిడ. నేను మాత్రం మైకక్క పక్షమే. బల్ల గుద్ది మరీ వాదించేవాణ్ని. టీ తాగుతూ న్యాయం మాట్లాడటం ఎంత హాయో నాకు బాగా తెలుసు.

కోర్టు హెడ్డాఫీసు ఉన్న నగరంలో ఉంది. మొదటి వాయిదాకు కంపెనీ సెలవివ్వలేదు. రెండోదానికి ఇచ్చినట్టే ఇచ్చి, తెల్లారేసరికి షిఫ్టు మార్చేసింది. మూడోసారీ రాకపోతే కేసు మూసేస్తానని జడ్జి చెప్పేశాడు. రైల్లో వెళ్తే రెండు రోజుల దారి. సెలవిచ్చింది ఒక్కరోజు, అదీ ముందురోజు సాయంత్రం. అప్పటికప్పుడు విమానం టిక్కెట్టు కొనాలంటే మా జీతాలు చాలవు. ఇక మిగిలింది ఉద్యోగులకిచ్చే ఉచిత పాసు. సీటు ఖాళీ ఉంటే ఎక్కాలి, లేకపోతే నోరు మూసుకుని ఇంటికి పోవాలి. గేటు దగ్గర గొడవపడితే ఉద్యోగం ఊడుతుందని ఆ పాసు వెనకే రాసి ఉంటుంది. తను ఎవరి మీద కేసు వేసిందో ఆ కంపెనీ విమానంలోనే కోర్టుకు వెళ్లాల్సిన గతి పట్టింది. ఆ పొద్దున గేటు డ్యూటీ నాది.

ఏడింటికల్లా వచ్చింది. ఇస్త్రీ మడత నలగని బట్టలు, చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కేసు కాగితాలు. ఒకే ఒక్క సీటు మిగిలింది, పద్దెనిమిదో వరుసలో మధ్యది. ఎవరో టైముకు రాలేదు, రూలు ప్రకారం సీటు పోగొట్టుకున్నాడు. బోర్డింగ్ పాసు నా చేత్తోనే ఇచ్చాను. నిజంగానే సంతోషపడ్డాను. కోర్టులో పదకొండింటికి పిలుస్తారు తమ్ముడూ, అందుకుంటాను అంది. ఉచిత పాసు వాళ్లు అందరికన్నా ఆఖర్న ఎక్కాలి, అందుకని గేటు పక్కనే ఆగింది.

గేటు మూయడానికి నాలుగు నిమిషాలుందనగా మా సూపర్‌వైజర్ ఒక మనిషిని వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు. చేతి మీద నల్లకోటు. కంపెనీ లాయరు. ఆయన వెళ్లేదీ ఆ పదకొండు గంటల కేసుకే. టైముకు రానివాడు ఆయనే. ఆవిణ్ని లిస్టులోంచి దింపి ఆ సీటు ఈయనకివ్వమని సూపర్‌వైజర్ నా చెవిలో చెప్పాడు.

లాయరు పక్కనే నిలబడి ఆవిడ మొహం కేసే చూస్తున్నాడు. ఆవిడ ఒక్క కేక పెడితే చాలు, నోటి దురుసుకు సాక్ష్యం కాళ్ల దగ్గరికి వచ్చి పడ్డట్టే. ఆవిడకూ తెలుసు. పెదాలు బిగబట్టి నా దగ్గరికొచ్చింది.

"ఇది నా సీటే కదా తమ్ముడూ?" అని మెల్లగా అడిగింది.

నేను కంప్యూటర్‌లో తల దూర్చాను. ఆవిడే పాసు బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది. లాయరు థాంక్స్ చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

సీటిచ్చిన మనిషిని దింపితే కారణం రాయాలి, ఆ సీటు ఎవరికిచ్చామో రాయాలి. కంప్యూటర్‌లో గేటుకు రాలేదని కొడితే ఏదీ రాయక్కర్లేదు. సూపర్‌వైజర్ అదే కొట్టమన్నాడు. నాలుగడుగుల దూరంలో ఆవిడ సంచి పట్టుకుని ఇంకా నిలబడే ఉంది. ఆవిడ చూస్తుండగానే కొట్టాను.

లాయరు ఆ రికార్డే ఫోనులో తెప్పించుకుని జడ్జికి చూపించాడట. మేం సీటిచ్చాం, ఆవిడే గేటుకు రాలేదన్నాడట. కేసు మూసేశారు. ఆవిడ గేటు దాకా వచ్చిందని ఎవరైనా సంతకంతో రాసిస్తే, నెలలోపు మళ్లీ తెరుస్తామన్నారు.

వారం తర్వాత క్యాంటీన్‌లో అందరం ఉన్నాం. ఎక్కడో ఒక ప్రయాణికుణ్ని విమానంలోంచి ఈడ్చి పడేసిన వీడియో చూస్తూ రగిలిపోతున్నాం. కళ్లెదుట అన్యాయం జరుగుతుంటే మాట్లాడని వాడు మనిషే కాదని నేనే అంటున్నాను. మైకక్క వచ్చి నా కప్పు పక్కన ఒక కాగితం పెట్టింది.

"ఎందుకు దింపావో రాయొద్దు తమ్ముడూ. ఆ రోజు గేటు దగ్గర ఉన్నానని రాయి. అది చాలు."

పక్క బల్ల దగ్గర సూపర్‌వైజర్ టీ కలపడం ఆపాడు. ఆవిడ కౌంటర్‌కు నా పేరు పంపిస్తానని ఆయన మొన్ననే మాటిచ్చాడు.

"ఆ పొద్దున జనం ఎక్కువక్కా. నువ్వొచ్చావో లేదో నాకు గుర్తులేదు."

ఆవిడ బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ చూసింది. ఆ పొద్దున సెక్యూరిటీ ఆవిడే మైకక్క సంచి వెతికి లోపలికి పంపింది. ఇప్పుడు ఫోనులోంచి తల ఎత్తలేదు. బండి డ్రైవరు బిల్లు కట్టాలంటూ లేచాడు.

"సరేలే తమ్ముడూ. నేను రాలేదు" అని మైకక్క కాగితం మడిచి తీసుకుని కింది అంతస్తుకు వెళ్లిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. సోమవారం నుంచి ఆవిడ కౌంటర్‌లో కూర్చుంటున్నాను.