అంకయ్య ఆదివారాలు

2002లో నేను గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులో ఒక చిన్న పోలీస్ స్టేషన్‌లో రైటర్‌ని. స్టేషన్ రైటర్ అంటే కథలు రాసేవాడనుకునేరు. ఫిర్యాదు మొదలుకొని కోర్టుకు పోయే కాగితం దాకా ప్రతిదీ రాసి, భద్రపరిచి, అడిగినప్పుడు తీసిచ్చే హెడ్ కానిస్టేబుల్. ఊరి పేరు చెప్పను. చుట్టూ పత్తి, మిరప. కళ్లాల్లో కాయ ఆరబోసే రోజుల్లో స్టేషన్‌లో కూర్చున్నా తుమ్ములే.

పిల్లల చదువుల కోసం నా భార్య నరసరావుపేటలో ఉండేది. స్టేషన్ వెనక క్వార్టర్‌లో నేనొక్కణ్ణే. మిగతా సిబ్బంది బందోబస్తులనీ, కోర్టులనీ తిరిగేవాళ్ళు. నేను కాగితాల మధ్య ఉండిపోయేవాణ్ణి. ఆదివారం మరీ ఘోరం, ఫోన్ కూడా మోగేది కాదు. ఆ రోజు నాతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి అంకయ్య ఒక్కడే.

అంకయ్య ఊరి చివర ఎరుకల కాలనీలో పెద్దమనిషి. అరవై దాటాయి. ఈత బరికెలతో బుట్టలు అల్లేవాడు. కాలనీలో తగాదా వస్తే ఆయన ముందు కూర్చుని తేల్చుకునేవాళ్ళు. వయసులో ఉండగా ఆయన మీద పెట్టిన దొంగతనం కేసును కోర్టు కొట్టేసింది. అయినా అప్పటి పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. ఫలానా మనిషి మీద కన్నేసి ఉంచాలని స్టేషన్‌లో పెట్టుకునే ఫైలు అది. ఆ కులంలో పుట్టినవాళ్ళంతా నేరస్తులేనని తెల్లవాళ్ళు ఒకప్పుడు చట్టం చేశారు. చట్టం పోయింది గానీ మా అలవాటు పోలేదు. షీట్ ఉన్నవాళ్ళు ఆదివారం ఆదివారం వచ్చి హాజరు రిజిస్టర్‌లో వేలిముద్ర వేయాలి. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు, మా స్టేషన్ ఆనవాయితీ అంతే.

వేలిముద్ర వేశాక అంకయ్య వరండా మెట్టు మీద కూర్చునేవాడు. నేను ఇద్దరికీ టీ తెప్పించేవాణ్ణి.

"ఏం అంకయ్యా, ఈ వారం ఎవరిని కలిపావు, ఎవరిని విడగొట్టావు?" అని ఆటపట్టించేవాణ్ణి.

"కలపడమే బాబూ మా పని. విడగొట్టడానికి మీరున్నారుగా!" అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ గంటసేపటి కోసం నేను శనివారం నుంచే ఎదురుచూసేవాణ్ణి.

ఆ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి స్టేషన్‌లోనూ పోలీసులు, ప్రజలు కలిసి కూర్చునే కమిటీ ఒకటి వేయాలి, పేటకొకరిని అక్కడివాళ్ళే ఎంచుకోవాలి. ఎరుకల కాలనీ రెండు రోజులు కూర్చుని అంకయ్య పేరు చెప్పింది.

మా ఎస్సై గారు కుర్రవాడు. చెడ్డవాడేం కాదు, తొందర ఎక్కువ. "వారం వారం వేలిముద్ర వేసేవాడు మన పక్కన కుర్చీలో కూర్చుంటాడా? ఆ కూలీల మేస్త్రీ పేరు రాసెయ్ రైటర్" అన్నాడు. ఆ మేస్త్రీ కాలనీవాళ్ళను మిరపకోతలకు తీసుకెళ్ళే మనిషి, కాలనీవాడు కాదు.

ఆ సంగతి తెలిసి మర్నాడు పొద్దున్నే కాలనీ నుంచి పదిమంది దాకా వచ్చారు. ముందు నిలబడింది అంకయ్య కోడలు నాగమ్మ.

"షీటున్న మనిషిని కమిటీలో ఎట్టా వేస్తామమ్మా?" అన్నాడు ఎస్సై.

"మా మామ ఏం చేశాడని ఆ షీటు? తీసి చదవండి, వింటాం. మా కాలనీ తరఫున మేం చెప్పిన మనిషి మాట్లాడాలా, మమ్మల్ని కూలికి తోలుకెళ్ళే మేస్త్రీ మాట్లాడాలా? మా మనిషి వద్దంటే మా కాలనీ పేరే కొట్టెయ్యండి."

ఎస్సై నా వైపు చూశాడు. షీట్ తేవడానికి లోపలికి వెళ్ళాను.

నడుస్తున్న షీట్ల కట్టలో అది లేదు. బీరువా అడుగున, మూసేసిన షీట్ల కట్టలో దొరికింది. పైన డీఎస్పీ ఆఫీసు ఉత్తర్వు: ప్రవర్తన బాగున్నందున షీట్ క్లోజ్ చేయవలెను. తేదీ ఎనిమిదేళ్ళ కిందటిది.

ఎలా జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. జనవరిలో హాజరుకు కొత్త రిజిస్టర్ పెట్టేటప్పుడు పాతదాంట్లో పేర్లు చూసి ఎక్కించేవాళ్ళం. షీట్లు ఎవరూ తీసి చూడలేదు. ఆ ఎనిమిదేళ్ళ రిజిస్టర్లలో మూడు నేను రాసినవే. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని అందరూ మెచ్చుకునేవాళ్ళు కూడా.

అంతకు రెండేళ్ళ ముందు ఒక ఆదివారం అంకయ్య తెల్లారకముందే వచ్చాడు. దర్శి దగ్గర చెల్లెలు చావుబతుకుల్లో ఉంది, పంపించమన్నాడు. "రిజిస్టర్ ఎస్సై గారి గదిలో ఉంది. ఆయన వచ్చాక వేలిముద్ర వేసి పో" అన్నాను. ఎస్సై వచ్చేసరికి పదకొండయింది. అంకయ్య వెళ్ళేసరికి పూడ్చేశారు. ఆ సంగతి తర్వాతి ఆదివారం ఆయనే చెప్పాడు, నామీద కోపం ఏమీ లేనట్టే. బీరువా ముందు కూర్చుని ఏడ్చేశాను.

కాగితం చూసి ఎస్సై గొంతు తగ్గించి, "దొరకలేదని చెప్పు. తర్వాత చూద్దాం" అన్నాడు. అలా అంటే నా తప్పూ మరుగున పడిపోయేది. నాకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. కానీ వరండాలోకి వెళ్ళి ఉత్తర్వును తెలుగులో చదివేశాను.

"అంటే?" అంది నాగమ్మ.

"అంటే, ఎనిమిదేళ్ళుగా మీ మామ ఇక్కడికి రావాల్సిన పనే లేదమ్మా."

"మరి ఎవరు రమ్మన్నారు?"

"నేనే" అన్నాను. నాకు ముందు పనిచేసిన వాళ్ళ పేర్లు చెప్పాలనిపించలేదు.

నాకు మెమో వచ్చింది. అంకయ్య కమిటీలోకి వచ్చాడు. మొదటి మీటింగ్‌లో కుర్చీ అంచునే కూర్చున్నా, మాట మాత్రం తడబడకుండా చెప్పాడు: "మావాళ్ళను తీసుకురావాలంటే ముందు మాకు చెప్పి తీసుకురండి. మా తగాదాలు మేం తీర్చుకుంటాం. తీరనివీ, దెబ్బలు తగిలినవీ మేమే మీ దగ్గరకు తెస్తాం." అందరూ ఒప్పుకున్నారు. నేను మినిట్స్ రాశాను. ఆ మిరప సీజన్‌లో, ఎక్కడో బస్తా పోయిందని మా పోలీసులు కాలనీ మీద పడటం ఆగిపోయింది.

ఆదివారాలు మాత్రం ఆయన రావడం మానేశాడు. రెండో మీటింగ్ అయ్యాక గేటు దగ్గర ఆపాను. "ఒకసారి టీకి రా అంకయ్యా. ఊరికే, మాట్లాడుకోవడానికి."

ఆయన చేతిలోని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "మీరు మంచోళ్ళే బాబూ. కానీ ఆ మెట్టు మీద కూర్చున్నన్నాళ్ళూ ఎప్పుడు లేచి పొమ్మంటారా అనే చూశాను. మీరు నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. పోలీసు నవ్వుతుంటే నవ్వకుండా ఎట్టా ఉంటాం?"

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు ఆ ఊళ్ళోనే పనిచేశాను. ఒక్కణ్ణే టీ తాగుతూ, కాలనీకి వెళ్ళి ఆయన్ని పలకరించి వద్దామని ఎన్నో ఆదివారాలు అనుకున్నాను. వెళితే మంచం వాల్చి కూర్చోమనేవాడు, తప్పకుండా. వద్దనడానికి ఆయనకు వీలు లేదు కాబట్టే వెళ్ళలేదు.