చింతపండుకి లొంగని సున్నం

మట్టల ఆదివారం ఊరేగింపు ముందు బూర ఊదేదెవరని అడిగితే, నర్సీపట్నంలో ఏ చర్చివాళ్లయినా వరదానం పేరే చెబుతారు. ముప్పై ఏళ్లుగా పెళ్లిబ్యాండులో ఊదుతున్న మనిషి. పొద్దున్నే పెరట్లో సాధన మొదలెట్టాడో లేదో, వంటింట్లోంచి భార్య ప్రేమజ్యోతి కేక వినాల్సిందే.

“ఆపీవయ్యా ఆ గోల! సెవులు సిల్లులడిపోతన్నాయి!”

అలాంటి ఇల్లు మూడు వారాలుగా మూగబోయింది. తమ్ముడు గుండెపోటుతో పోవడంతో, డాక్టరు సలహా మీద వరదానం విశాఖ వెళ్లి స్కానింగు చేయించుకున్నాడు. కాల్షియం స్కోరు నాలుగు వందల పన్నెండు వచ్చింది. గుండె రక్తనాళాల్లో సున్నం బాగా పేరుకుందని చెప్పి, మాత్రలు రాసి, మూడు వారాల్లో ట్రెడ్‌మిల్ పరీక్షకి రమ్మన్నారు. సున్నం అన్న మాట తప్ప ఇంకేదీ అతని బుర్రకెక్కలేదు.

అక్కడే బ్యాండువాడి తెలివి పనిచేసింది. ఇత్తడి బూరకి చిలుము పడితే ఏం చేస్తాం? చింతపండు రసంతో కడుగుతాం. ఏ గొట్టమైతేనేం, గొట్టమే కదా! రోజూ పరగడుపున గ్లాసుడు చింతపండు రసం పట్టించాడు. మాత్రలు అలమారలోనే ఉండిపోయాయి. గట్టిగా ఊదితే సున్నం పెచ్చు ఊడి గుండెకి అడ్డం పడుతుందన్న భయంతో బూరని పెట్టెలో పెట్టి మూతేశాడు. పళ్లు పులిసి, కడుపు మండి, మనిషి సగమయ్యాడు. మట్టల ఆదివారం మాత్రం దగ్గర పడుతోంది.

పరీక్ష రోజున డాక్టర్ గౌతమి “మాత్రలు వేసుకుంటున్నారా?” అని అడిగింది.

“మాత్రలేటమ్మా! కేజీలు కేజీలు సింతపండు తాగేత్తన్నాడు,” అని ప్రేమజ్యోతి గుట్టు విప్పేసింది.

సంగతంతా విని డాక్టరమ్మ పగలబడి నవ్వింది. “వరదానంగారూ, అది కడుపులోకి పోతుంది గానీ గుండె గొట్టాల్లోకి పోదండీ. ముందు మెషీనెక్కండి, చూద్దాం.”

ఛాతీ నిండా వైర్లతో బెదురుతూ ఎక్కాడు. వేగం పెరిగింది. ఇంకా పెరిగింది. అంతే, కాళ్లకి పాత బుద్ధి గుర్తొచ్చింది! ఊళ్లో అబీద్ సెంటర్‌లో పెళ్లికొడుకు కారు ముందు నడిచినట్టు ఎడమ, కుడి, ఎడమ, కుడి. గుప్పిళ్లు మూతి దగ్గరికి చేరాయి, బుగ్గలు పొంగాయి. నర్సు నోరు తెరిచింది.

“నొప్పుందా?” అని డాక్టరమ్మ అడిగింది.

“ఏటీ లేదమ్మా! ఇంకా పెంచండి!”

చెమటలు కక్కుతూ దిగాడు. డాక్టరమ్మ కాగితం చూసి తలాడించింది. “పరీక్ష బాగుంది. ఇప్పటికి స్టెంటూ వద్దు, ఆపరేషనూ వద్దు. కానీ పేరుకున్న సున్నం ఇక పోదు, దాంతోనే బతకాలి. కొత్తగా కొవ్వు చేరకుండా, ఉన్న పూడిక పగలకుండా కాసేదే ఈ మాత్ర. రోజూ వేసుకోవాలి. బీపీ చూపించుకోవాలి. చుట్ట మానాలి.”

“మరి... బూర?” అని అడిగాడు వరదానం. తీర్పు కోసం నిలబడ్డట్టుంది ప్రాణం.

“హాయిగా ఊదండి. ఊదితే సున్నం ఊడదు. నొప్పిగానీ ఆయాసంగానీ వస్తే మాత్రం ఆపేసి బేగి వచ్చేయాలి!”

వరదానం ఎగిరి గంతేయలేదు గానీ, బస్సులో నర్సీపట్నం వచ్చేదాకా వేళ్లు సీటు రాడ్డు మీద ఆడుతూనే ఉన్నాయి. ఆ రోజే మాత్ర వేసుకున్నాడు. చుట్టల కట్ట ప్రేమజ్యోతి పొయ్యిలో పెట్టింది. మిగిలిన చింతపండుతో బూరని తళతళా తోమాడు.

మట్టల ఆదివారం పొద్దున్న ఊరేగింపు కదిలింది. ఈతమట్టలు పట్టుకుని జనం హోసన్నా అని కేకలేస్తున్నారు. ఎప్పుడూ వెనకాల ఆడవాళ్లతో నడిచే ప్రేమజ్యోతి ఈసారి మొగుడి పక్కనే నడిచింది. వరదానం ఊపిరి నింపుకున్నాడు. బూర మోగింది! రోడ్డు పక్క దుకాణాల వాళ్లంతా బయటికొచ్చేశారు. పాట ముగించి, ఆయాసమేమైనా ఉందా అని తనను తానే చూసుకున్నాడు. ఏమీ లేదు. సంతోషంతో భార్య వైపు తిరిగాడు.

ముప్పై ఏళ్లుగా ఆపమని అరిచిన ఆ మనిషి కళ్లనిండా నీళ్లు.

“ఏటి సూత్తన్నావు? ఇంకోపాలి ఊదు,” అంది.