రెహానా దేశం మారినప్పుడు నా చేతికి కట్టిన ఇమామ్ జామిన్

నిన్న పొద్దున కడపలో స్కూలుకు బయలుదేరుతుంటే డోన్ నుంచి ఫోన్. రెహానా నంబరే.

"ఏమ్మే, సూట్‌కేసు సర్దినావా?" అంటుందనుకుని నవ్వుతూనే ఎత్తాను.

మాట్లాడింది వాళ్ల తమ్ముడు. "అక్కా... రెహానక్క లేదక్కా."

"లేదంటే? యాడికి పోయిందప్పా?" అన్నాను.

నిజంగానే అలా అడిగాను. ఎప్పుడూ ఎక్కడికో ఒక చోటికి పోతూ ఉండే మనిషి కదా.

నిద్రలోనే గుండె ఆగిందట.

వచ్చే వారం మేమిద్దరం హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు కలిసి పోవాలి. తను కజకిస్తాన్‌కి, నేను వియత్నాంకి. వియత్నాంలో తను వదిలేసిన ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగానికి నా పేరు చెప్పింది తనే. డెమో క్లాసుకు నన్ను తిట్టి తిట్టి తయారు చేసింది తనే.

నాకిది మొదటి విమానం. తనకు మూడో దేశం.

రెహానా గురించి ఏడుపు పోస్టు పెడితే తనే వచ్చి డిలీట్ చేయిస్తుంది. కాబట్టి అసలు రెహానా ఎలాంటిదో చెబుతాను.

బీఎడ్‌లో నా పక్క సీటు. మా నాన్నది కడపలో కిరాణా అంగడి. వాళ్లది డోన్. వాళ్లమ్మను నేను ఖాలా, అంటే పిన్నీ అనే పిలుస్తాను.

మొదట ఒమన్ పోయింది. అక్కడ క్లాసులోకి అడుగుపెట్టగానే గుడ్ మార్నింగ్ కంటే ముందు "తిన్నారా?" అని ఇంగ్లిష్‌లో అడిగేదట. మన సీమ అలవాటు! ఖాళీ కడుపుకు చదువెక్కదని రెహానా సిద్ధాంతం. పుస్తకంలో లేని పలకరింపు వద్దని అక్కడివాళ్లు చెప్పి చూశారు. మానితే కదా.

తర్వాత వియత్నాం. మొదటి క్లాసులో అదే మాట అడిగితే పిల్లలంతా ఒకటే కేకలట. అక్కడ కూడా మనుషులు పలకరించుకునేది అలాగేనట!

ఆ సాయంత్రం వాయిస్ మెసేజ్. "మే, వీళ్లు మనోళ్లే మే! శానా మంచి పిల్లోళ్లు మే!"

ఆ గొంతు ఇప్పుడు కూడా నా ఫోన్‌లో ఉంది. పొద్దున్నుంచి అదే వింటున్నాను.

అయితే ఒమన్ నుంచి వియత్నాం మారినప్పటి గొడవ చెప్పకపోతే రెహానా కథ చెప్పినట్టే కాదు.

వాళ్లింట్లో ఎవరు దూరం పోతున్నా పెద్దవాళ్లు కుడి చేతికి, మోచేతి పైన ఇమామ్ జామిన్ కడతారు. లోపల నాణెం పెట్టి కుట్టిన ఆకుపచ్చ గుడ్డ. క్షేమంగా చేరాక విప్పి, ఆ నాణెం పేదవాళ్లకు ఇచ్చేయాలి. అది కట్టనిదే ఖాలా కూతుర్ని గడప దాటనివ్వదు.

ఆసారి రెహానా ఇంటికి రాకుండా మస్కట్ నుంచి నేరుగా వియత్నాం పోతోంది. ఖాలాకు ఒకటే దిగులు. కట్టేదెట్లా?

చివరికి నన్ను డోన్‌కు పిలిపించి నా చేతికి కట్టింది!

"దానికి బదులు నువ్వు కట్టుకో సుజాతా. అది దిగేదాకా తియ్యాకు."

వీడియో కాల్‌లో రెహానా పడీ పడీ నవ్వు. "జాగ్రత్త మే, నా విమానం నీ చేతిలో ఉండాది!"

అన్నట్టే దారిలో విమానం మారాల్సిన చోట పెద్ద వాన, రెండో విమానం కదల్లేదు. ఇక్కడ నాకు తిప్పలు. అది తడవకుండా చెయ్యి పక్కకు చాపి స్నానం. మా హెడ్‌మాస్టర్ చూసి, "ఏమ్మా, దెబ్బ తగిలిందా?" అన్నారు.

"లేదు సార్, మా ఫ్రెండ్ విమానంలో ఉంది" అన్నాను.

ఆయనకేం అర్థమైందో గానీ స్టాఫ్‌రూమంతా "దిగిందా? దిగిందా?" అని అడగడం మొదలుపెట్టింది. లెక్కల సార్ అయితే పాఠం వదిలేసి ఫోన్‌లో విమానాలు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుండగా ఫోన్ మోగింది.

"దిగినా మే! ఇంక తీసెయ్!"

నేను బల్ల గుద్ది అరిచాను. ఎందుకో తెలియకపోయినా క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం దర్గా దగ్గర ఒక ముసలమ్మకు నాణెం ఇచ్చి వచ్చాను.

కొత్త దేశమంటే నీకు భయం కాదా అని ఒకసారి అడిగాను. "అవుతాది మే. కడుపులో తిప్పుతాది. ఆకలేమో అనుకొని ఏదో ఒకటి తింటా" అంది.

ఇదీ రెహానా.

నిన్న డోన్ పోయే బస్సులో ఉండగానే నాన్న ఫోన్ చేశాడు. "ఇంక ఆ ప్రయాణం మానుకోమ్మా. నాకేం మంచిగా అనిపించడం లేదు."

నేనూ మానుకోవాలనే అనుకున్నాను. రెహానా పక్కన లేకుండా ఎయిర్‌పోర్టులో ఏ తలుపు తోయాలో కూడా నాకు తెలియదు.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత మగవాళ్లు తనను ఖననానికి తీసుకుపోయారు. ఇంట్లో ఆడవాళ్లం మిగిలాం. ఖాలా పక్కన కూర్చుని, నేను పోవడం లేదని చెప్పాను.

ఆమె లేచి బీరువా తీసింది. మా ఇద్దరి ప్రయాణానికని కుట్టిపెట్టిన ఇమామ్ జామిన్‌లు రెండు.

"నువ్వు పోయే రోజు నేను రాలేను. ఇప్పుడే కడతా" అని ఒకటి నా చేతికి కట్టింది.

రెండోది రెహానాది. దాని కుట్లు వేలితో తడిమింది.

తర్వాత దాన్ని కూడా నా చేతికే కట్టింది.

"దానికి బదులు నువ్వే గదా కట్టుకునేది. ఏడ్వాకు. పో."

నాన్నా, నువ్విది చదువుతావని తెలుసు. నేను పోతున్నాను.

కడుపులో తిప్పుతోంది. ఆకలేమో అనుకుంటున్నాను.

రెహానా, ఈసారి ఫోన్ నువ్వు చేయవు. నేనే చేస్తాను ఖాలాకి. "దిగినాం ఖాలా, ఇద్దరం దిగినాం" అని.

పోయిరా మే. నువ్వు పోయిన చోట అందరికంటే ముందు ఎవరో ఒకరు నిన్ను "తింటివా?" అని అడగాలి. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.