వానకు అలిగే కారు

ఆ రోజుల్లో మా కాలవ గట్ల మీద వాన తొందరపడి కురిసేది కాదు. శ్రావణం వచ్చిందంటే పొద్దున్నే మొదలుపెట్టి, ఎవరో ముసలావిడ పాత సంగతులు తలుచుకుంటున్నట్టు, సాయంత్రం దాకా సన్నగా కురుస్తూనే ఉండేది. నాట్లు పడిన చేలు, నిండుగా పారే కాలవ, దాని పక్కన గట్టు రోడ్డు అన్నీ ఒకే బూడిదరంగు పచ్చలోకి కరిగిపోయేవి. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ రంగు మధ్యలో నాకొక నల్లటి పాత కారు కనిపిస్తుంది. నడుస్తూ కాదు, ఆగిపోయి.

ఆత్రేయపురానికి దగ్గర్లోని మా ఊళ్ళో మమ్మల్ని దివాణం వారు అనేవారు. తొంభైల నాటికి ఆ పేరుకు తగ్గట్టు మిగిలినవి సగం కురిసే సావిడీ, తాతగారు ఎప్పుడో కొన్న కారూ మాత్రమే. (భూముల సంగతి అడక్కండి, అవి ఎటు పోయాయో కోర్టులకు తెలుసు.) డ్రైవర్ని మానిపించేశాక నేనే నడిపేవాణ్ణి. నేను డ్రైవర్ని కాను, కారు నడిపే యజమానిని. ఈ తేడా నాకు చాలా స్పష్టంగా ఉండేది, చూసేవాళ్ళకే ఉండేది కాదు. అందుకని గంజిపెట్టిన పంచె కట్టి, తాతగారి జరీ కండువా వేసుకుని, వీపు సీటుకు తగలకుండా నిటారుగా కూర్చునేవాణ్ణి. ఊళ్ళో ఏ ఇంటి పెళ్ళికొడుకైనా ఆడపెళ్ళివారి ఊరికి మా కారులోనే వెళ్ళడం తాతగారి నాటి ఆనవాయితీ. (కిరాయి అన్న మాట ఎత్తిన మనిషికి నాన్నగారు మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా దండం పెట్టి పంపించేసేవారు.) తాతగారు పెట్టిన నియమం ఇంకొకటి ఉంది: దివాణం వారు కారు తొయ్యరు. కాబట్టి కారు ఆగితే నేను స్టీరింగు పట్టుకుని దూరంగా ఎటో చూస్తూ ఉండేవాణ్ణి, వెనక పెళ్ళివారు తోసేవారు.

ఆగడం మాత్రం తరచుగానే ఆగేది. వానొస్తే మా కారు అలిగేది. చిత్రం ఏమిటంటే ప్రతి వానకూ అలిగేది కాదు. తుఫాను వానలో మొగల్తూరుకు పరామర్శకు వెళితే గుర్రంలా పరుగెత్తింది. తవుడు బస్తాలు వేసుకుని జోరువానలో తిరిగితే తుమ్మనైనా తుమ్మలేదు. పెళ్ళికో, గృహప్రవేశానికో బయలుదేరితే మాత్రం, ఊరు దాటి కాస్త దూరం పోయేసరికి రెండు దగ్గులు దగ్గి నిలబడిపోయేది. పెట్రోలు గొట్టాలు ఊదించాను, ప్లగ్గులు మార్పించాను, బ్యాటరీ కొత్తది వేయించాను. రాజమండ్రి షెడ్డులో మెకానిక్ బానెట్టు కింద తలపెట్టి విని విని, "కారుకేం లేదండి, బంగారంలా ఉంది. మీరే ఏదో అనుమానం పెట్టుకున్నారండి" అని మందు రాయని డాక్టరులా పంపించేశాడు. ఊళ్ళో మాత్రం మాట పాకిపోయింది. "దివాణం వారి కారు చావు కబురుకైతే గాలిలా పోద్దండి. శుభమంటే కదలదండి." ఒకరిద్దరు అప్పుడే రావులపాలెం నుంచి తెల్లటి టాక్సీలు మాట్లాడుకున్నారు కూడా.

మా వెనక వీధి బుల్లబ్బాయి పెళ్ళి సరిగ్గా అప్పుడే వచ్చింది. అతని మేనమామ టాక్సీ కావాలని పట్టుబట్టినా, బుల్లబ్బాయి మా కారులోనే వెళతానన్నాడట. ఆ ఉదయం నాన్నగారు సావిడి గోడ వైపు చూస్తూ, "ఈసారి ఆగిందంటే ఇంక మన గుమ్మంలోకి ఎవరూ రారు. తునిలో పాత కార్లు కొనే ఆయన ఎప్పణ్ణుంచో అడుగుతున్నాడు. ఇచ్చేద్దాం" అన్నారు. ఆ మాట నాతో అన్నారో, గోడతో అన్నారో తెలియలేదు. ఆ కారు పోతే మేం ఒట్టి మనుషులమైపోతామని మాత్రం ఇద్దరికీ తెలుసు.

బయలుదేరేముందు ఎప్పటిలాగే పెద్దత్తయ్య రాగి చెంబుతో వచ్చింది. నాన్నగారి అక్కగారు ఆవిడ. చిన్నతనంలోనే పుట్టింటికి వచ్చేసి, దివాణం దివాణంగా ఉన్న కాలంలో వచ్చినవారికల్లా కొంగు నింపి పంపిన చెయ్యి. ఇప్పుడా చేతికి మిగిలింది చెంబుడు పసుపు నీళ్ళూ, ఒక మామిడి కొమ్మా.

"బానెట్టు ఎత్తరా నాన్నా" అంది.

"పైన చల్లితే చాలదా అత్తయ్యా?"

"పైన రేకు మీద చల్లితే ఏం లాభంరా? శుభానికి వెళ్ళేటప్పుడు దీవెన గుండెకు తగలాలి" అని ఇంజన్ మీద ధారాళంగా చల్లింది. (ఇవ్వడంలో మా వంశానికి లోభం లేదు.) "వట్టి చేతులతో పరామర్శలకే పోవాలి, పెళ్ళికి పోకూడదు" అని మిగిలిన చుక్కలు కూడా దులిపింది.

కాలవ లాకులు దాటాక కారు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

నేను తాళం తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను. కాసేపటికి బ్యాటరీ కూడా నీరసించిపోయింది. ఆ తరవాత వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. అద్దాల మీద ఆవిరి పట్టి బయటి లోకం అలుక్కుపోయింది. మల్లెపూలు, పెట్రోలు, తడిసిన పట్టు కలగలిసిన వాసన. కాలవలో ఖాళీ పడవొకటి మనుషులెవరూ లేకుండానే సాగిపోతున్నట్టు కనిపించింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ముహూర్తం, పరువు, తుని ఆయన అందరూ చాలా దూరంగా ఉన్నారు. నీళ్ళ అడుగున ఒక గదిలో కూర్చున్నట్టుంది. అలాగే ఉండిపోతే బాగుండుననిపించింది.

"నెత్తీనోరూ కొట్టుకున్నానండి, టాక్సీ మాట్లాడరా అని!" మేనమామ గొంతు నన్ను పైకి లాగింది. "అవతల పురోహితుడు గడియారం చూసుకుంటా ఉంటాడండి. పోనీ, ఎవరన్నా పోయారనుకోమని చెప్పండి మీ కారుకి, కదులుద్దేమో!"

"ఊరుకో మాయ్యా" అన్నాడు బుల్లబ్బాయి, బాసికం సర్దుకుంటూ. "అదే కదులుద్దిలే."

ఆ మాట పట్టుకుని నేను దిగి, బానెట్టు ఎత్తాను. ప్లగ్గులకు కరెంటు పంచే వైర్లు దూరే నల్లటి మూత మీద చిన్న మామిడాకు ముక్క అతుక్కుని ఉంది. దాని చుట్టూ నీటిచుక్కలు. వాన చుక్కలు కావు. పసుపు చుక్కలు.

పరామర్శకు వెళితే పసుపు నీళ్ళు చల్లరు. తవుడు బస్తాలకు చల్లరు. ఎండాకాలపు పెళ్ళిళ్ళలో ఆ తడి ఊరు దాటకముందే ఆరిపోయేది. శ్రావణంలో మాత్రం, ముందే చెమ్మ పట్టిన వైర్లకు మా అత్తయ్య దీవెన కూడా తోడయ్యేది. మా కారు అలిగింది వాన మీద కాదు.

తుడుద్దామంటే పొడిబట్ట కావాలి. బుల్లబ్బాయి పట్టుపంచె తడిసింది, మేనమామ తువ్వాలు పిండితే చెంబుడు నీళ్ళొచ్చేలా ఉంది. పొడిగా ఉన్నది, దిగేముందు మడత నలగకుండా తీసి సీట్లో పెట్టిన తాతగారి జరీ కండువా ఒక్కటే. దాన్ని ఒకసారి చూశాను. తరవాత మూత తీసి లోపలా బయటా శుభ్రంగా తుడిచాను. తాళం తిప్పితే, లేవడానికి బ్యాటరీలో సత్తువ లేదు.

"బుల్లబ్బాయ్, నువ్వు ట్రాక్టరు తోల్తావు కదా? స్టీరింగు దగ్గర కూర్చో."

"మరి తొయ్యడమండీ? మాయ్యొక్కడి వల్ల కాదండి."

నేను పంచె ఎగ్గట్టి కారు వెనక్కి నడిచాను. మేనమామ గొడుగు కింద నుంచి నన్ను ఎగాదిగా చూశాడు. "దివాణం వారు తొయ్యరు కదండీ?"

"తొయ్యరు" అన్నాను. "ఇది సాగనంపడం. పట్టండి."

సాగనంపాం. గట్టు బురదంతా నా మొహానికి పూసి, కారు నవ్వినట్టుగా లేచింది. ముహూర్తానికి అందుకున్నాం. విడిదింట్లో ఎవరో నన్ను చూసి, "డ్రైవర్లకి భోజనాలు ఇటండి" అని పెరటి వైపు చూపించారు. నిటారుగా నడిచి వెళ్ళి కూర్చున్నాను. అంత రుచిగా పులిహోర నేను మళ్ళీ తినలేదు.

ఇంటికి వచ్చేసరికి నాకంటే ముందే కబురు చేరింది. "చిన్నబాబుగారు మావోడి కారు తోశారండీ!" అని మేనమామ ఊరంతా చాటేశాడు. నాన్నగారు తలవంచుకుని విన్నారు. మర్నాడు పక్కవీధి పెళ్ళివారు వచ్చి, "కారు మీదేనండి. ఆగినా పర్లేదండి, కాకపోతే మావోడికి కూడా ఓసారి చెయ్యేద్దురూ" అన్నారు. నాన్నగారు అప్పుడు గోడను వదిలి నా వైపు చూశారు. "ఆ తుని ఆయన వస్తే ఇంట్లో లేనని చెప్పు" అన్నారు.

పెద్దత్తయ్య మాత్రం, "తోస్తే కదిలిందంటే నా పసుపు నీళ్ళ చలవేరా. ఈసారి ఇంకాస్త ఎక్కువ చల్లుతాను" అంది. ఆ చెంబు దించమని ఏ నోటితో చెప్పను? ఆలోచించి, ఇంజన్ మీద లేత అరిటాకు పరిచి దాని మీద దీవిస్తేనే ఫలమని ఎక్కడో విన్నానని చెప్పాను. "ఆకు లేకుండా ఎవరికైనా వడ్డిస్తామా? ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అని మెచ్చుకుంది. ఊరు దాటగానే ఆకు తీసి కాలవలో వదిలేవాణ్ణి. దీవెనతో సహా అది ఊగుతూ సముద్రం వైపు పోయేది. ఆ తరవాత మా కారు ఏ పెళ్ళికీ ఆగలేదు.

అత్తయ్య లేదు. ఆ కారూ లేదు. ఇప్పుడున్న దానికి బానెట్టు ఎత్తితే ఇంజన్ కూడా కనిపించదు, ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. కడవతో పోసినా దానికి ఏమీ కాదు. అయినా మొన్న శ్రావణంలో పెళ్ళికి బయలుదేరుతూ పెరట్లోంచి అరిటాకు కోసుకొచ్చి పరిచాను. మా ఆవిడ చూసి, "ఏంటండీ ఇది?" అంది.

"వంశాచారం" అన్నాను, వీపు నిటారుగా పెట్టి. "తాతల నాటిది. దీని మీద పసుపు నీళ్ళు చల్లాలి."

ఆవిడ చెంబు తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను వానలో అలాగే నిలబడ్డాను.